ఇంజనీరు సాయంత్రాన్ని ఇంజనీరుకే వదలండి

తెలంగాణ ఐటీ, పరిశ్రమల శాఖ మంత్రి గారికి,



హైదరాబాద్‌ను యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్ రంగాలకు రాజధానిగా నిలపాలన్నది ప్రభుత్వాలు మారినా మారని కోరిక. 2016లో ఇందుకోసం ఇమేజ్ పాలసీ వచ్చింది. 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన జరిగింది. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి గారి బృందం జపాన్ వెళ్లి పెట్టుబడుల ఒప్పందాలు చేసుకుని, ఒసాకా ఎక్స్‌పోలో మన రాష్ట్ర పెవిలియన్‌ను ప్రారంభించి వచ్చింది. జపాన్ నుంచి డేటా సెంటర్లనూ, పారిశ్రామిక పార్కులనూ ఆశించడం సబబే. అయితే ఆ దేశం ప్రపంచానికి అమ్మిన అతి లాభసాటి సరుకుల్లో బొమ్మల కథలూ, వీడియో గేములూ ఉన్నాయి. అవి ఎలా పుట్టాయో గమనించకుండా వాటి కోసం టవర్లు కడితే చెరువు పూడ్చి కాలువ తవ్వినట్టే అవుతుంది. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మీరు కోరుకునే పరిశ్రమకు కావలసిన మనుషులు ఇప్పటికే మీ నగరంలో, మీ శాఖ కిందికి వచ్చే ఆఫీసుల్లోనే ఉన్నారు. వాళ్లకు లేనివి మూడు: తమదంటూ మిగిలే సమయం, ఆ సమయంలో చేసిన పనిమీద హక్కు, చేసినదాన్ని పదిమందికి చూపించే చోటు. భవనాలకు ఇచ్చే రాయితీలకంటే ముందు ఈ మూడింటి సంగతి తేల్చండి.

ఆ మనుషులెవరో ముందు చూద్దాం. కొండాపూర్‌లోనో, మియాపూర్‌లోనో, ఏదో పీజీ హాస్టల్లోనో ఉంటూ గచ్చిబౌలికీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కూ రోజూ వెళ్లొచ్చే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు. పొద్దున స్టాండప్‌లో నిన్న ఏం చేశారో, ఇవాళ ఏం చేస్తారో చెబుతారు. రెండు వారాల స్ప్రింట్‌లో తమ వంతుకు వచ్చిన టికెట్లను ఒక్కొక్కటిగా మూసేస్తారు. ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన కోడ్‌లో ఒక వరుస మార్చి, దాని వల్ల ఇంకెక్కడ ఏం విరుగుతుందోనని సగం రోజు పరీక్షిస్తారు. ఆన్‌కాల్ వంతు వచ్చిన వారం ఫోను తలగడ పక్కనే ఉంటుంది. అమెరికా క్లయింటు ఉంటే అసలు పని సాయంత్రమే మొదలవుతుంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదిన్నర అయ్యేసరికి ఇక్కడ వేసవిలో రాత్రి ఏడు, శీతాకాలంలో ఎనిమిది. ఈ పనిలో తెలివి ఉంది, జీతం ఉంది, దానిమీద బతికే కుటుంబాలున్నాయి. ‘ఇది నేను చేసింది’ అని ఇంట్లోవాళ్లకు చూపించగల వస్తువు మాత్రం అరుదు. ఒక బ్యాంకు లావాదేవీ రెండు సెకన్లు ముందుగా పూర్తయితే దాని వెనక ఎవరి చెయ్యి ఉందో ఎవరికీ తెలియదు.

ఈ రోజుకు చివర, రాత్రి కాల్ ముగిశాక, వీళ్లలో చాలామంది చూసేది జపాన్ యానిమేషన్ కథలైన అనిమే. ఒక ఎపిసోడ్ ఇరవై నాలుగు నిమిషాలకు అటూ ఇటూ. అన్నం తినేలోగా అయిపోతుంది. కానీ ఈ ఇష్టానికి నిడివి ఒక్కటే కారణం కాదు. ఆ కథల్లో ఇంజనీరు తన పనిని గుర్తుపడతాడు. ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’లో ఏదైనా పొందాలంటే అంతకు సమానమైనది వదులుకోవాలన్నది ప్రకృతి నియమం, కథంతా ఆ నియమం హద్దుల్లోనే నడుస్తుంది. ‘డెత్ నోట్’లో ఒక పుస్తకానికి నిబంధనలుంటాయి, ఆ నిబంధనల్లో సందులు వెతికేవాడికీ, వాటిని మూసేవాడికీ మధ్య జరిగే పోటీయే కథ. ‘డాక్టర్ స్టోన్’ రాతియుగానికి జారిపోయిన లోకంలో సబ్బు నుంచి సెల్‌ఫోను దాకా మళ్లీ మెట్టుమెట్టుగా తయారుచేస్తుంది. 1989లో వచ్చిన ‘పాట్‌లేబర్’ సినిమాలో నేరస్థుడు ఒక ప్రోగ్రామర్; నేరం జరిగేది భారీ యంత్రాలను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ లోపల. ‘షిరోబాకో’లో కథానాయిక గడువుల మధ్య నలిగిపోయే ప్రొడక్షన్ అసిస్టెంట్, డెలివరీ తేదీ ముంచుకొచ్చిన ఏ టీమ్ లీడ్‌కైనా ఆమె ముఖం తెలిసినట్టే ఉంటుంది. మన సినిమాల్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఎక్కువగా పెళ్లిసంబంధానికి పనికొచ్చే అర్హత. జపాన్ కథల్లో పనే కథావస్తువు.

ఈ ఇష్టం మారుమూల అభిరుచిగా ఉన్న రోజులు పోయాయి. 2024 జనవరిలో మొదలైన ‘సోలో లెవెలింగ్’ తెలుగు డబ్బింగుతో కూడా వచ్చింది. 2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది. అనిమే ప్రసారాలకు పేరున్న క్రంచీరోల్ సంస్థకు హైదరాబాద్‌లో ఇంజనీర్లున్నారు. అంటే ఆ కథలను లోకానికి చేరవేసే సాంకేతిక పనిలో కొంత ఇక్కడే జరుగుతోంది. అనిమే మాత్రం జపాన్‌లో తయారవుతోంది. గొట్టాలు మనవి, నీళ్లు వాళ్లవి అన్న ఈ స్థితిని మార్చాలనే కదా మీ విధానం. అయితే ఈ అభిమానులే ఆ పని చేయగలరంటే వెంటనే వచ్చే అభ్యంతరం తెలిసిందే: చూడటం వేరు, చేయడం వేరు, అభిమానులు ఎంతమంది ఉన్నా వినియోగదారులే తప్ప ఉత్పత్తిదారులు కారు. జపాన్ చరిత్ర ఈ గీతను ఒప్పుకోదు. అక్కడ చూసినవాళ్లే చేసినవాళ్లయ్యారు. అదీ చాలాసార్లు వేరే ఉద్యోగం చేసుకుంటూ.

గున్‌పే యొకొయ్ సంగతి చూడండి. ఎలక్ట్రానిక్స్ చదివి 1965లో క్యోటోలోని నింటెండోలో చేరాడు. అప్పటికి అది హనఫుదా పేకముక్కలు తయారుచేసే కంపెనీ. ముక్కలు అచ్చువేసే యంత్రాలు ఆగిపోకుండా చూడటం ఆయన ఉద్యోగం. యంత్రాలు సరిగా నడుస్తుంటే చేతినిండా పని ఉండేది కాదు. మన ఐటీ భాషలో, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నట్టు. ఆ ఖాళీలో కాలక్షేపానికి, దూరంగా ఉన్న వస్తువును పట్టుకునే ఒక సాగే చెయ్యి తయారుచేశాడు. అధ్యక్షుడు హిరోషి యమౌచి కంట అది పడింది. మందలింపుకు బదులు, దాన్ని సరుకుగా మలచమన్న ఆదేశం వచ్చింది. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో వచ్చిన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడైంది. తర్వాత షింకన్‌సెన్ రైల్లో ఒక ఉద్యోగి ఏమీ తోచక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం చూసి, చేతిలో పట్టే ఆటయంత్రం ఆలోచన ఆయనకు తట్టిందంటారు. 1980లో ‘గేమ్ అండ్ వాచ్’, 1989లో ‘గేమ్ బాయ్’ వచ్చాయి. ఈ చరిత్రకు మొదట్లో ఉన్నవి ఒక ఇంజనీరు ఖాళీ గంటలు, ఆ ఖాళీని నేరంగా చూడని ఒక యజమాని. ప్రతి గంటనూ క్లయింటు ఖాతాలో రాసే నేటి మన టైమ్‌షీట్‌లో ఆ సాగే చెయ్యికి ఏ కాలమ్ ఉంది?

ఒక్క మనిషి కథతో వాదం నిలవదు కాబట్టి మరికొందరిని చూద్దాం. మకోతో షింకాయ్ సాహిత్యం చదివి ఫాల్కామ్ అనే గేమ్ కంపెనీలో ఉద్యోగం చేసేవాడు. ఉద్యోగంలో ఉండగానే, తన సొంత సమయంలో, ‘షీ అండ్ హర్ క్యాట్’ అనే కొద్ది నిమిషాల చిత్రాన్ని 1999లో పూర్తిచేశాడు. 2001లో కంపెనీ వదిలి, ఇంట్లో కంప్యూటర్ మీద దాదాపు ఒంటరిగా పనిచేసి ‘వాయిసెస్ ఆఫ్ ఎ డిస్టెంట్ స్టార్’ అనే ఇరవై ఐదు నిమిషాల చిత్రం తీశాడు. 2002 ఫిబ్రవరిలో అది మొదట ఆడింది టోక్యోలో షిమొకితజావా అనే పేటలోని ఒక చిన్న థియేటర్లో. ఆ థియేటర్ పేరు ‘టాలీవుడ్’ కావడం మనకు ముచ్చటైన యాదృచ్ఛికం. ఆయనే 2016లో ‘యువర్ నేమ్’ తీసి లోకమంతా తెలిశాడు. మరొకరు జున్యా ఓటా. అభిమానులకు జున్ అనే కలంపేరుతో పరిచయం. టోక్యో డెంకి విశ్వవిద్యాలయంలో చదువుతున్నప్పుడే ‘తోహో’ గేములు మొదలుపెట్టి, టైటో కంపెనీలో ఉద్యోగిగా ఉంటూ వాటిని కొనసాగించాడు. ప్రోగ్రామింగ్, బొమ్మలు, సంగీతం అన్నీ తానే. ఆ లోకాన్ని తీసుకుని వేలమంది అభిమానులు పాటలూ, కథలూ, వేరే గేములూ అల్లారు.

వీళ్లు అసాధారణ ప్రతిభావంతులు, అందరికీ సాధ్యం కాదనొచ్చు. నిజమే. కానీ అసాధారణులు పైకి తేలాలంటే కింద సామాన్యుల నేల విశాలంగా ఉండాలి. ఆ నేల పేరు కొమికెట్. 1975 డిసెంబరులో టోక్యోలో 32 బృందాలు తాము గీసి అచ్చువేసుకున్న పత్రికలను బల్లల మీద పెట్టుకుని కూర్చున్నాయి. వచ్చినవాళ్లు దాదాపు 700 మంది. 2019 డిసెంబరులో అదే సంత నాలుగు రోజుల్లో సుమారు ఏడున్నర లక్షల హాజరును చూసింది. అక్కడ బల్ల వెనక కూర్చునేవాళ్లలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ప్రోగ్రామర్లు, విద్యార్థులు ఉంటారు. యాభై ప్రతులు అచ్చువేసి ముప్ఫై అమ్ముకుని ఇంటికెళ్లేవాళ్లు కూడా తక్కువేమీ కాదు. ఇలాంటిదే ఇంకో దృష్టాంతం హత్సునే మికు. సప్పొరోలోని క్రిప్టాన్ సంస్థ 2007 ఆగస్టులో విడుదల చేసిన పాట పాడే సాఫ్ట్‌వేర్ అది. దాని కింద పనిచేసే సాంకేతికత యమహా ఇంజనీర్లది. కొన్నవాళ్లు ఇంట్లో కూర్చుని పాటలు కట్టారు. 2008లో యూ హిగుచి అనే ప్రోగ్రామర్ ఆ పాత్రను తెరమీద ఆడించే ‘మికు మికు డ్యాన్స్’ అనే సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా పంచాడు. బొమ్మలు గీసేవాడు, బాణీ కట్టేవాడు, కోడ్ రాసేవాడు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే ఒక గాయనిని తయారుచేశారు. ఏ మంత్రిత్వ శాఖా దానికి పథకం రాయలేదు.

ఈ ఉదాహరణల్లో చాలావాటిలో మూడు సంగతులు ఉమ్మడిగా కనిపిస్తాయి. ఉద్యోగం పీల్చేయగా కొంత సమయం మిగిలింది. ఆ సమయంలో చేసినదాన్ని కంపెనీ లాక్కోలేదు. చేసినదాన్ని తక్కువ ఖర్చుతో పదిమందికి చూపించి అమ్ముకునే చోటు దొరికింది. హైదరాబాద్ ఇంజనీరుకు నైపుణ్యం ఉంది, కంప్యూటర్ ఉంది, ఉచితంగా దొరికే బ్లెండర్, గోడో వంటి ఉపకరణాలున్నాయి. 1999లో షింకాయ్‌కి ఉన్నదానికంటే ఎన్నో రెట్లు మెరుగైన సరంజామా ఇవాళ ఒక మామూలు ల్యాప్‌టాప్‌లో ఉంది. లేనివి ఆ మూడే. మూడూ ప్రభుత్వం చేతికి అందేవే.

మొదట సమయం. 2025 జూలైలో మన ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనిని అనుమతించింది. వారానికి 48 గంటల పరిమితి ఉంచి, అది దాటితే ఓవర్‌టైమ్ చెల్లించాలనీ, ఆ ఓవర్‌టైమ్ మూడు నెలల్లో 144 గంటలకు మించకూడదనీ చెప్పింది. మూడు నెలలంటే పదమూడు వారాలు. 144ను పంచితే వారానికి పదకొండు గంటలు. అంటే వారానికి 59 గంటలు చట్టబద్ధం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అదే ఏడాది పది గంటల దారే పట్టింది. ఐటీ సంస్థల విషయానికొస్తే, 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుంచి షరతులతో మినహాయింపు చాలాకాలంగా నడుస్తోంది. షరతులు కాగితం మీద బాగానే ఉన్నాయి. కానీ కొలత లేని చోట పరిమితికి అర్థం లేదు. టైమ్‌షీట్‌లో రోజుకు ఎనిమిది గంటలు పడితే చాలు. రాత్రి పదింటి కాల్, ఆదివారం డిప్లాయ్‌మెంట్, అర్ధరాత్రి వచ్చిన ప్రొడక్షన్ ఇష్యూ ఆ లెక్కలోకి రాకుండా జారిపోతాయి. దీనికి రాకపోకల గంటలు కలపండి. మిగిలేది ఒక ఎపిసోడ్ చూసే ఓపిక. ఒక ఎపిసోడ్ తీసే ఓపిక కాదు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నప్పుడు ఉదాహరణగా చూపింది యుద్ధానంతర జర్మనీనీ, జపాన్‌నూ. జపాన్ కష్టపడి పైకి వచ్చింది, మనమూ అదే చేయాలి అన్నది ఆ వాదం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. యుద్ధం తర్వాత జపాన్ కార్మికులు చాలా ఎక్కువ గంటలు పనిచేసిన మాట నిజం. కానీ ఆ కథ అక్కడితో ఆగలేదు. 1947 నాటి జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం వారానికి 48 గంటలంది, సరిగ్గా మనం ఇవాళ గీసుకున్న గీతే. 1987లో ఆ చట్టాన్ని సవరించి, దశలవారీగా 40 గంటలకు దించారు. అధిక పనితో జరిగే చావులకు ‘కరోషి’ అని పేరు పెట్టుకోవాల్సి వచ్చిన ఆ దేశం 2014లో వాటి నివారణకు చట్టం చేసింది. 2018లో చేసిన సంస్కరణ 2019 ఏప్రిల్ నుంచి ఓవర్‌టైమ్‌ను మామూలుగా నెలకు 45 గంటలకూ, ఏడాదికి 360 గంటలకూ పరిమితం చేసింది; ఒక రోజు పని ముగిసి మరుసటి రోజు పని మొదలయ్యేలోగా తగిన విరామం ఉండేలా చూడాలని యజమానులకు చెప్పింది. జపాన్‌ను ఆదర్శంగా తీసుకునేవాళ్లు దాని 1947ను మాత్రమే తీసుకుని మిగతా డెబ్భై ఏళ్లను వదిలేయడం న్యాయం కాదు. ఎక్కువ గంటలు ఉక్కునూ ఓడలనూ ఇచ్చి ఉండొచ్చు. మీరిప్పుడు కోరుతున్నది పాత్రలనూ కథలనూ. అవి గంటలు పెంచితే పెరిగే సరుకు కావు.

రెండో అభ్యంతరం వ్యాపారానిది. మన ఐటీ నిలిచింది విదేశీ క్లయింట్ల మీద. వాళ్ల పగలు మన రాత్రి. నిబంధనలు బిగిస్తే పని వేరే రాష్ట్రానికో వేరే దేశానికో పోతుంది. భూగోళాన్ని ఎవరూ తిప్పలేరు, ఒప్పుకుందాం. అయితే ఇక్కడ అడుగుతున్నది రాత్రి కాల్‌ను నిషేధించమని కాదు, రాత్రి కాల్‌ను పనిగా లెక్కించమని. రాత్రి పదకొండింటిదాకా పనిచేసినవాణ్ని పొద్దున తొమ్మిదికి రమ్మనకూడదని. ఐరోపా సమాఖ్యలో రోజుకు పదకొండు గంటల వరుస విశ్రాంతి నియమంగా ఉంది. పని వేళలు దాటాక ఆఫీసు సందేశాలకు జవాబివ్వనక్కర్లేదన్న హక్కును ఫ్రాన్స్ 2017 నుంచీ, ఆస్ట్రేలియా 2024 నుంచీ గుర్తిస్తున్నాయి. మనకు పని ఇచ్చే బహుళజాతి సంస్థలు ఆయా దేశాల్లో ఈ నియమాలకు లోబడే వ్యాపారం చేస్తున్నాయి. అక్కడ సాధ్యమైనది మాదాపూర్‌లో అసాధ్యం కావడానికి కారణం సాంకేతికం కాదు, గట్టిగా అడగకపోవడమే.

ఇక హక్కు సంగతి. దీని గురించి మనదగ్గర చర్చే తక్కువ. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే హక్కుదారు. విధులకు బయట చేసినది చేసినవాడిదే. కానీ చేరిన రోజు సంతకం పెట్టే ఒప్పందాలు ఈ గీతను చెరిపేయగలవు. ఉద్యోగకాలంలో సృష్టించిన దేనిమీదనైనా హక్కు సంస్థదే అనే విస్తృతమైన వాక్యానికి సంతకం పెట్టిన ఇంజనీరు, ఆదివారాలు తయారుచేసిన చిన్న గేమును అమ్మకానికి పెట్టడానికి భయపడతాడు. మరో ఉద్యోగం, మరో ఆదాయం వద్దనే నిబంధన ఉంటే నలభై రూపాయల కామిక్ అమ్మినా మూన్‌లైటింగ్ కింద లెక్కేస్తారేమోనని అనుమానపడతాడు. 2022లో విప్రో, పోటీ సంస్థలకు పనిచేశారంటూ 300 మందిని తొలగించాక ఆ అనుమానం బలపడింది. యజమానుల భయంలో న్యాయం ఉంది. పోటీ కంపెనీకి రహస్యాలు చేరవేయడాన్ని ఎవరూ సమర్థించరు. కానీ పోటీకీ అభిరుచికీ తేడా చెప్పడం కష్టమేమీ కాదు. అదే ఏడాది అక్టోబరులో ఇన్ఫోసిస్ ముందస్తు అనుమతితో బయటి పనులు చేసుకోవచ్చంది. అంతకన్నా స్పష్టమైన దారి కాలిఫోర్నియాది. ఉద్యోగి తన సొంత సమయంలో, సంస్థ సామగ్రి వాడకుండా, సంస్థ వ్యాపారంతో సంబంధం లేకుండా కనిపెట్టినది ఉద్యోగిదే, దాన్ని లాక్కునే ఒప్పందం చెల్లదు అని అక్కడి కార్మిక స్మృతిలోని 2870వ సెక్షన్ 1979 నుంచీ చెబుతోంది. ఆ నియమం ఉన్న నేలమీదే సిలికాన్ వ్యాలీ పెరిగింది.

మూడోది చోటు. రాయదుర్గంలో టీ-వర్క్స్ 2023లో తెరుచుకుంది. నమూనాలు తయారుచేసే యంత్రాలు అక్కడున్నాయి. హైటెక్స్‌లో కామిక్ కాన్ జరుగుతుంది. వేషాలు వేసుకుని వచ్చే కుర్రకారుతో హాళ్లు నిండుతాయి. అక్కడ పెద్ద సంస్థల స్టాళ్ల మధ్య సొంత పుస్తకాలు పెట్టుకున్న చిత్రకారులూ కనిపిస్తారు. వాళ్ల సంఖ్య పెరగాలంటే బల్ల అద్దె ఒక నెల జీతంలో కనిపించనంత చిన్నదిగా ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, రెండేసి రోజులు, తెలుగులో బొమ్మల కథలూ, చిన్న గేములూ, చిన్న చిత్రాలూ సొంతంగా చేసుకున్నవాళ్లకు ప్రభుత్వ ప్రాంగణాల్లో నామమాత్రపు అద్దెకు బల్లలు ఇస్తే చాలు. ప్రారంభోత్సవ వేదికలూ, బహుమతులూ, జ్యూరీలూ అక్కర్లేదు. మొదటి ఏడాది 32 బల్లలే నిండితే చిన్నబోవద్దు. కొమికెట్ కూడా అక్కడే మొదలైంది.

ఇదంతా పరాయి మోజు, దీనికి ప్రభుత్వం దోహదం చేయాలా అనే ప్రశ్న కూడా వస్తుంది. మన పిల్లలు ‘చందమామ’ మరిచి జపాన్ బొమ్మల కథలైన మాంగా చదువుతున్నారని బాధపడేవారున్నారు. ఆ బాధలో ప్రేమ ఉంది, కానీ చరిత్ర మరోలా చెబుతోంది. జపాన్ మాంగాకు పెద్దదిక్కైన ఒసాము తెజుకా డిస్నీ వీరాభిమాని. ‘బాంబి’ని పదుల సార్లు చూశాడు. ఆ ఇష్టమే కరిగి, మారి, 1952లో ‘ఆస్ట్రో బాయ్’ అయింది. 1963లో టీవీ ధారావాహికగా మారి జపాన్ అనిమేకు దారి వేసింది. పరాయిదాన్ని గాఢంగా ప్రేమించినవాడు చివరకు తనదే చేస్తాడు. రాకపోకలు కూడా ఒకవైపే లేవు. 1993 నాటి ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ను జపాన్‌కు చెందిన యుగో సాకో, మన రామ్‌మోహన్ కలిసి తీశారు, 2025 జనవరిలో అది తెలుగు మాటలతో కూడా థియేటర్లకు వచ్చింది. ‘బాహుబలి’కి జపాన్ ప్రేక్షకులు కేకలు వేస్తూ చూసే ప్రత్యేక ప్రదర్శనలు పెట్టుకున్నారు. 2022లో అక్కడ విడుదలైన ‘ఆర్ఆర్ఆర్’ను 2024 జనవరిలో తకరాజుకా మహిళా నాటక బృందం సంగీత రూపకంగా ఆడింది. కొమురం భీముడి పాత్రను జపాన్ నటి ధరించగా లేనిది, తెలుగు ఇంజనీరు గోల్కొండ కథను మాంగా పద్ధతిలో గీస్తే తప్పేముంది? ఇంకా దగ్గరి ఉదాహరణ ఈ ఊళ్లోనే ఉంది. కంప్యూటర్ సైన్స్ చదివి అమెరికాలో ఉద్యోగం చేసిన రాజీవ్ చిలక హైదరాబాద్‌లో 2001లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టారు. 2008లో ‘ఛోటా భీమ్’ వచ్చింది. ఆయన ఉద్యోగం వదులుకుని చేశారు. ఉద్యోగం వదిలే ధైర్యం, ఆ స్తోమత అందరికీ ఉండవు. వదలకుండానే మొదలుపెట్టగల దారి ఉంటే ఒకరి చోట నూరుగురు ప్రయత్నిస్తారు.

చివరి అభ్యంతరం అన్నిటికంటే గట్టిది: సమయం ఇస్తే వీళ్లు ఏదో సృష్టిస్తారని హామీ ఏమిటి? ఎక్కువమంది ఇంకో రెండు ఎపిసోడ్లు చూసి పడుకుంటారు కదా? అవును, ఎక్కువమంది అదే చేస్తారు. అది వాళ్ల హక్కు. పనిచేసినవాడి విశ్రాంతికి ఉత్పత్తి లెక్కలు చూపించనవసరం లేదు. పిల్లలతో ఆడుకునేవాళ్లు, అమ్మానాన్నలను చూసి రావడానికి ఊరికెళ్లేవాళ్లు, ఊరికే నిద్రపోయేవాళ్లు ఉంటారు. కొద్దిమంది మాత్రం చూసినదాన్ని విప్పి చూస్తారు. ఈ సన్నివేశం ఎలా కుదిరింది, ఈ గేములో ఇలా దూకడం ఎందుకింత హాయిగా ఉంది అని అడుగుతారు. తామూ ఒకటి చేసి చూస్తారు. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా ఎంపికచేసే పరీక్ష ఏదీ లేదు. అందుకే సమయం అందరికీ దక్కాలి. ప్రతి సాయంత్రానికీ ఫలితం అడిగే పథకం వేస్తే అది మరో ఆఫీసు అవుతుంది. యొకొయ్ సాగే చెయ్యి పుట్టింది ఎవరూ అడగని గంటలోనే.

ఒక హెచ్చరిక కూడా చెప్పకపోతే ఈ లేఖ ఏకపక్షమవుతుంది. జపాన్ అనిమే పరిశ్రమలో అన్నీ ఆదర్శాలు కావు. కీలక చిత్రాల మధ్య కదలికలు గీసే యువ చిత్రకారులకు దక్కే కూలి తక్కువ, గంటలు ఎక్కువ. 2024లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం తన నివేదికలో ఈ సంగతిని ఎత్తిచూపింది. క్యోటో యానిమేషన్ వంటి స్టూడియో ముక్కకింత అని కాకుండా నెల జీతం మీద చిత్రకారులను పెట్టుకుని, తానే శిక్షణ ఇచ్చి, మేలైన పని రాబట్టింది. మనం తెచ్చుకోవలసింది ఈ రెండో పద్ధతి. చవక కూలీల గిడ్డంగిగా హైదరాబాద్‌ను చూపించి విదేశీ స్టూడియోల పని తెచ్చుకుంటే, సాఫ్ట్‌వేర్‌లో ముప్ఫై ఏళ్లుగా ఉన్న చోటే యానిమేషన్‌లోనూ ఉంటాం: పని మనది, పేరు మరొకరిది.

కాబట్టి మీ శాఖను కోరేవి ఇవి. ఐటీ సంస్థలకు ఇచ్చే పనివేళల మినహాయింపును పునరుద్ధరించే ప్రతిసారీ, కాల్స్‌నూ ఆన్‌కాల్‌నూ కలిపి అసలు పనిగంటల లెక్క నమోదు చేయడాన్నీ, రెండు పనిదినాల మధ్య పదకొండు గంటల విరామాన్నీ షరతులుగా చేర్చండి. కార్మిక శాఖ వేరే అనే జవాబు రావచ్చు. పెట్టుబడుల కోసం శాఖలన్నీ ఒకే కిటికీ దగ్గరికి రాగలిగినప్పుడు దీనికోసం రెండు శాఖలు ఒక బల్ల దగ్గర కూర్చోవడం పెద్ద పనేమీ కాదు. సొంత సమయంలో, సొంత సామగ్రితో, పోటీ లేని రంగంలో ఉద్యోగి చేసిన సృజన ఉద్యోగిదేనని చెప్పే నమూనా నిబంధనను రాయించండి. ప్రభుత్వ భూమీ, రాయితీలూ తీసుకునే ప్రతి సంస్థా దాన్ని తన ఒప్పందంలో చేర్చాలని అడగండి. ఏడాదికి రెండు సంతలకు చోటివ్వండి. మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక టవరులో ఒక అంతస్తుకు అయ్యేంత కూడా ఉండదు. వీటిలో ఏది ఆచరణకు అందదో, ఎందుకో మీ శాఖ బహిరంగంగా చెబితే ఆ చర్చకు ఇంజనీర్లూ, యజమానులూ కూడా వస్తారు.  ఈసారి విధానం రాసేటప్పుడు, స్టూడియో యజమానులతో పాటు, ఆ కథలను ప్రేమించి తామూ ఒకటి చేయాలనుకునే ఉద్యోగులతోనూ మాట్లాడి రాయండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి
ఒక తెలుగు వ్యాసకర్త